సర్పశాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్

పాము పేరు వినగానే భయపడటం, కనబడగానే కర్ర అందుకోవడం లోకసహజం. ఆ భయం స్థానంలో జ్ఞానాన్ని నిలపడానికి పూనుకొన్న మహనీయుడు ప్యాట్రిక్ రస్సెల్. భారతదేశంలో సర్పశాస్త్రానికి ఆద్యుడిగా పేరొందిన ఆ విదేశీయునికి కార్యక్షేత్రం మన విశాఖపట్నం.

రస్సెల్ 1727లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. ఆ రోజుల్లో పాములను గురించి బోధించే కళాశాలలు లేవు. ప్రకృతి పరిశోధనకు వైద్యవిద్యే ముఖ్యమైన మార్గం. ఎడింబరోలో వైద్యపట్టం పొందిన రస్సెల్, సోదరుడు అలెగ్జాండర్ అడుగుజాడల్లో సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్ళి వైద్యుడిగా స్థిరపడ్డాడు. 1760-62 సంవత్సరాలలో అక్కడ ప్లేగు ప్రబలినప్పుడు రోగులకు సేవ చేశాడు. ఆ అనుభవాలను 1791లో గ్రంథరూపంలో వెలువరించాడు.

మరొక సోదరుడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్నంలో నియమితుడు కాగా, 1781లో ఆయనకు తోడుగా రస్సెల్ భారతదేశం వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది.

ఏది విషసర్పమో, ఏది కాదో తెలియనిదే పాముకాటుకు చికిత్స నిర్ణయించలేమని రస్సెల్ గ్రహించాడు. పాములను తెప్పించి వాటి కోరలను పరీక్షించాడు, పొట్టమీది, తోకకిందిపొలుసులను లెక్కించాడు, చిత్రాలు గీయించాడు. నేటి దృష్టికి కఠినంగా తోచినా, కోళ్ళమీద, కుక్కలమీద విషప్రభావాన్ని పరిశీలించాడు. పాముకాటుకు దివ్యౌషధంగా ప్రచారంలో ఉన్న తంజావూరు మాత్రలను సైతం ఆయన విడిచిపెట్టలేదు. వాటిలో పాషాణం, పాదరసం ఉండేవి.

1789లో స్వదేశానికి మరలిన రస్సెల్, కోరమండల్ తీరపు పాములపై రచించిన బృహద్గ్రంథం 1796లో లండనులో వెలువడింది. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను ఆయన అందులో ఆంగ్లలిపిలో పొందుపరచాడు. ఆ విధంగా నమోదైన బంగారు పాము పేరు నుండే 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త డోడిన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని నామకరణం చేశాడు. కాటుకరేకుల పొడగా రస్సెల్ వర్ణించిన రక్తపింజరకు 1797లో ఆయన పేరే పెట్టారు. 1805లో రస్సెల్ లండనులో కన్నుమూశాడు.

నేడు సరీసృపాలను, ఉభయచరాలను అధ్యయనం చేయగోరే విద్యార్థులకు జంతుశాస్త్రం, పశువైద్యం, అటవీశాస్త్రం వంటి అనేక మార్గాలున్నాయి. మార్గమేదైనా, ఓపికతో పరిశీలించడం, స్థానికుల అనుభవాన్ని గౌరవించడం, రుజువు కానిదే నమ్మకపోవడం రస్సెల్ జీవితం నేర్పే పాఠాలు.