చిత్రకారుడు హోగార్తు

లండను నగరమున స్మిత్‌ఫీల్డు అను పేట కలదు. పూర్వమచ్చట పశువుల సంత జరుగుచుండెడిది. ఆ సంత ప్రక్కనే 1123వ సంవత్సరములో స్థాపింపబడిన సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాల యున్నది. తొమ్మిది వందల యేండ్లు గడచినను అందు నేటికిని రోగులకు చికిత్స జరుగుచునే యున్నది. ఈ వైద్యశాలకు కూతవేటు దూరములో నొక యింట 1697వ సంవత్సరము నవంబరు 10వ తేదీన విలియం హోగార్తు జన్మించెను.

తండ్రి రిచర్డు బడిపంతులు. లాటిను భాషలో పండితుడు. పుస్తకములు వ్రాసెను గాని వానివలన పొట్ట గడవలేదు. తుద కొక కాఫీశాల పెట్టి, అచ్చట లాటినులో సంభాషింపవచ్చునని ప్రకటించెను. కాఫీ త్రాగ వచ్చువారిలో లాటిను తెలిసినవా రెందరుందురు? వ్యాపారము మునిగెను. అప్పు తీర్చలేనివారిని చెరసాలలో నుంచుట నాటి చట్టము. రిచర్డు ఫ్లీటు కారాగారము పాలయ్యెను. భార్యయు పిల్లలును ఆ పరిసరములలోనే తలదాచుకొనిరి. 1712లో అతడు విడుదలయ్యెను గాని మరల కోలుకొనలేదు. తండ్రి పడిన యవమానమును విలియం జీవితాంతము మరువలేదు. తరువాత అతడు వ్రాసిన బొమ్మలలో చెరసాలలును, అప్పులవారును, దిక్కులేని రోగులును మాటిమాటికి కనబడుటకు కారణమిదియే కావచ్చును.

చదువు సాగక విలియం వెండిపాత్రలపై నగిషీ చెక్కు నొక పనివానియొద్ద శిష్యుడుగా చేరెను. పని విసుగు పుట్టించెడిది. వీధిలో కనబడిన ముఖమును మనసున నిలుపుకొని, యింటికి వచ్చి గీయుట యతని కలవాటయ్యెను. కొంతకాలమునకు సర్ జేమ్సు థారన్‌హిల్ అను రాజచిత్రకారుని చిత్రశాలలో ప్రవేశించెను. గ్రీనిచ్‌లో వృద్ధ నావికుల కొరకు కట్టిన ఆశ్రమ భవనమున గోడలకును పైకప్పునకును గొప్ప చిత్రములు వ్రాసినవాడు ఈ థారన్‌హిల్లే. హోగార్తు గురువువద్ద విద్య గ్రహించుటయే గాక, 1729లో అతని కుమార్తె జేనును తండ్రి యనుమతి లేకయే వివాహమాడెను. మామగారి కోపము కొంతకాలమునకు చల్లారెను.

హోగార్తునకు పేరు తెచ్చినవి కథలుగా నడచు చిత్రమాలలు. ఒక ధనికుని కొడుకు తండ్రి సొత్తు నంతయు దుర్వ్యసనములకు తగులబెట్టి, చెరసాలకును, అటనుండి బెత్లెం అను పిచ్చాసుపత్రికిని చేరిన కథను అతడు ఎనిమిది పటములలో చూపెను. కడపటి పటమున సంకెళ్ళతో పడియున్న రోగుల నడుమ ఇద్దరు సంపన్న స్త్రీలు వేడుక చూచుచు నిలిచియుందురు. అది కల్పన గాదు. ఆ రోజులలో జనులు పిచ్చివారిని చూచుట కొక వినోదమునకు పోయినట్లే పోయెడివారు.

ఇతని చిత్రములకు దొంగ ప్రతులు విపరీతముగా వెలువడుచుండెను. హోగార్తు ఊరకుండలేదు. తోడి చిత్రకారులను కూడగట్టి పార్లమెంటునకు విన్నవించెను. ముద్రణచిత్రములపై పదునాలుగేండ్లు కర్తకే హక్కు నిచ్చు చట్టము 1735లో వచ్చెను. తన కష్టమునకు కాసు వదలనివాడని కొంద రతని నాక్షేపించిరి. అట్టివాడే అదే కాలమున నొక పెద్ద పనిని ఉచితముగా తలకెత్తుకొనెను.

సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలకు అప్పుడు క్రొత్త భవనములు లేచుచుండెను. శిల్పి జేమ్సు గిబ్సు ప్రతిఫలము గొనక పటము గీసియిచ్చెను. పాలకవర్గము సమావేశమగు మహామందిరమునకు పోవు మెట్లదారిలో చిత్రములు వ్రాయించుటకు అమిగోని అను ఇటలీ చిత్రకారుని పిలువనున్నారని హోగార్తు వినెను. తాను పుట్టిన పేటలో, తమ వైద్యశాలలో, పరదేశి వ్రాయుటయా! ఆ పని తానే చేసెదననియు, దమ్మిడీ పుచ్చుకొననియు అతడు కబురంపెను. ఇందులో దయ యెంత, పౌరుష మెంత యని యెవరు తూచగలరు? రెండును ఉండెను.

కాని చిక్కు మరియొకటి కలదు. అంతవరకు అతడు వ్రాసినవి జానెడు, మూరెడు మనుష్యుల బొమ్మలు. ఇచ్చటనో నిలువెత్తునకు మించిన యాకారములు వ్రాయవలెను. వంటి పని యెరుగనివాడని నవ్వుటకు లండనులో జనము సిద్ధముగా నుండిరి. అతడు వెనుదీయలేదు. 1736లో మొదటి చిత్రము, 1737లో రెండవది పూర్తియయ్యెను.

మొదటిది బెథెస్దా కొలను. కొలనిలోని నీరు కదలినప్పుడు ముందుగా దిగినవానికి రోగము పోవునని బైబిలు కథ. ముప్పదియెనిమిదేండ్లుగా నడువలేక పడియున్న వాని నెత్తి దింపువా రొక్కరును లేరు. ఏసు వానిని లెమ్మని పలుకు ఘట్టమిది. చుట్టును వ్రాసిన రోగులు కథలోని రోగులుగా నుండరు. ఆ వైద్యశాలకు దినదినము వచ్చు లండను పేదలవలె నుందురు. ఎవరి కే వ్యాధియో బొమ్మను చూచియే చెప్పుటకు తరువాతి వైద్యులు ప్రయత్నించిరి. ఒక మూల ధనికురాలి సేవకుడు, రోగియైన పసిబిడ్డ నెత్తుకొన్న పేదతల్లిని వెనుకకు నెట్టుచుండును. రెండవ చిత్రమున గాయపడి దారిలో పడియున్న పరాయివానికి కట్టు కట్టు సమరయ దేశస్థుడు కలడు. ప్రక్కనే యొక కుక్క తన గాయమును తానే నాకుకొనుచున్నది.

అతని చిన్న పటములలోని చురుకు వీనిలో లేదని విమర్శకు లందురు. అది నిజమే. అయినను ధర్మకర్తలు లెక్కలు చూచుటకు ఆ మెట్లెక్కునప్పుడెల్ల, తలుపు తెరచుటకు ముందే ఆ పేదతల్లిని దాటి పోవలెను. హోగార్తును కూడ వైద్యశాల ధర్మకర్తలలో నొకనిగా చేర్చుకొనిరి.

ఇంతలో థామసు కోరం అను వృద్ధ నావికుడు, వీధులలో విడువబడు శిశువులకై యొక ఆశ్రమము కొరకు పదునేడేండ్లు పోరాడి 1739లో రాజశాసనము సాధించెను. దాని మొదటి ధర్మకర్తలలో హోగార్తొకడు. కోరం నిలువెత్తు చిత్రమును వ్రాసి దానమిచ్చెను. తోడి చిత్రకారులచేతను ఇప్పించెను. ఇంగ్లండులో చిత్రప్రదర్శనశాలలు లేని దినము లవి. జనులు బొమ్మలు చూడవచ్చి, పిల్లలను చూచి, ధనమిచ్చి పోయిరి. బెత్లెమునకు వేడుక చూడ పోయిన నగరమే యిది! 1750లో తన చిత్రమొకదానికి చీటీలు వేసి, అమ్ముడుపోని చీటీలను ఆశ్రమమున కిచ్చెను. ఏప్రిల్ 30న చీటీ ఆశ్రమమునకే తగిలెను. మరునాడే ప్రసిద్ధ సంగీతవిద్వాంసుడు హేండెలు, తాను దానము చేసిన ఆర్గను వాద్యము నెలకొల్పు సందర్భమున, ఆశ్రమ ప్రార్థనామందిరములో తన మెస్సయ్యా గానమును వినిపించెను. తరువాత ఏటేట అచ్చట ఆ గానము జరిగి ఆశ్రమమునకు ధనము సమకూరెను.

హోగార్తు దంపతులకు సంతానము లేదు. చిజిక్ గ్రామములోని తమ యింట ఆశ్రమ శిశువులను కొందరిని సంరక్షించిరి. 1764 అక్టోబరులో అతడు మరణించెను. ఆ యింటి తోటలో నొక మల్బరీ చెట్టు కలదు. దాని పండ్లను ఆ పిల్లలకు పెట్టెడివారని చెప్పుదురు. ఆ చెట్టిప్పటికిని బ్రతికియున్నది.