మిర్జా గాలిబ్ దినచర్య

ఢిల్లీలో చాందినీ చౌకు నుండి బల్లీమారాన్ వీధిలోనికి మరలి కొంత దూరము నడచినచో గలీ కాసిం జాన్ వచ్చును. మిర్జా గాలిబ్ తుదిదినములు గడపిన గృహము అచ్చట స్మారకముగా నిలిచియున్నది. దాశరథి కృష్ణమాచార్యుల ‘గాలిబ్ గీతాలు’ 1961లో వెలువడిన నాటినుండి ఆ మహాకవి తెలుగువారికి ఆత్మీయుడే. కాని ఆయన 1857 నాటి యుద్ధమున ఇంటి తలుపులు మూసికొని దినచర్య వ్రాసెనని ఎరిగినవారు తక్కువ.

అసదుల్లా ఖాన్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో జన్మించెను. పసితనముననే తండ్రి యుద్ధమున మరణించెను. పెంచిన పినతండ్రి 1806లో గతించెను. పదమూడవ యేట వివాహమై, పిమ్మట ఢిల్లీలో స్థిరపడెను. పినతండ్రి సేవకు ప్రతిఫలముగా ఏర్పడిన భరణములో ఆయన వంతు నెలకు 62 రూపాయల 8 అణాలు. తనకు న్యాయముగా రావలసినది ఇంతకంటె ఎక్కువయని కలకత్తా వరకు పోయి, ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనెను. ఫలింపలేదు. సర్కారు దస్త్రముల నడక తెలిసినవారికి ఇందు వింత కనిపింపదు. 1850లో బహదూర్ షా జఫర్ తన వంశచరిత్రను వ్రాయుటకు నెలకు 50 రూపాయల వేతనముపై ఆయనను నియమించెను. 1854లో జౌక్ కవి మరణింపగా పాదుషాకు కవితాగురువయ్యెను. ఇట్లు కోట జీతము ఒకవైపు, కంపెనీ భరణము మరియొకవైపు ఆయన సంసారమును మోయుచుండెను.

1857 మే 11న మీరటు సిపాయీలు నగరమున ప్రవేశించిరి. నాటితో కంపెనీ భరణము నిలిచెను. నాలుగు నెలలలో కోటయు కూలెను. ఆ పదునైదు నెలల వృత్తాంతమును గాలిబ్ పారసీక గద్యమున వ్రాసి ‘దస్తంబూ’ అని పేరిడెను. పూలచెండు అని దాని అర్థము. అరబ్బీ పదమొక్కటియు దొరలని అచ్చమైన ప్రాచీన పారసీకమున వ్రాయవలెనని ఆయన పట్టుదల. మన అచ్చతెనుగు కవుల నియమము వంటిదే ఇది. కాని వారెవ్వరును ఫిరంగుల మ్రోతల నడుమ ఆ వ్రతము పట్టినట్లు కానరాదు.

సెప్టెంబరు 14న ఆంగ్లసేనలు కాశ్మీరు ద్వారమును భేదించి చొచ్చినవి. 20వ తేదీకి నగరమంతయు వారి వశమయ్యెను. జనులు వేలకొలది వెడలిపోయిరి. గాలిబ్ మాత్రము కదలలేదు. ఆయన వీధిలో పటియాలా మహారాజు నరేంద్రసింగుకు వైద్యులైన హకీములు నివసించుచుండుటచే, మహారాజు సైనికులు వచ్చి ఆ వీధిని కాచిరి. ప్రాణములు దక్కినవి గాని త్రాగుటకు నీరు కరవయ్యెను. ఒకనాడు వాన కురియగా వాకిట దుప్పటి కట్టి, క్రింద కుండలుంచి నీరు పట్టుకొనిరి. ఆయనకు కలిగిన ఏడుగురు బిడ్డలలో ఒక్కరును దక్కలేదు. ఆరిఫ్ అను బంధువు మరణింపగా అతని కుమారులిద్దరిని తెచ్చి పెంచుచుండిరి. ఆ పసివారు పండ్లు, పాలు, మిఠాయి అడిగినప్పుడు ఈయలేక తాను పడిన వేదనను గాలిబ్ దాచక వ్రాసెను. భార్య భద్రము కొరకు మరియొకరి యింట దాచిన నగలు కొల్లపోయినవి. బట్టలను, పరుపులను ఒక్కొక్కటిగా అమ్మి తిండి గడుపుకొనిరి. మీరటు నుండి ప్రియశిష్యుడు హరగోపాల్ తఫ్తా ధనము పంపెను. నగరములోని హిందూ మిత్రులును ఆదుకొనిరి.

అక్టోబరు 5న సైనికులు ఆయనను కర్నల్ బర్న్ అను అధికారి యెదుటికి కొనిపోయిరి. నీవు ముసల్మానువా యని యడుగగా, సగము మాత్రమేనని, మద్యము త్రాగుదును గాని పందిమాంసము ముట్టనని గాలిబ్ బదులు పలికెనట! ఈ ముచ్చట శిష్యుడు హాలీ 1897లో ప్రకటించిన జీవితచరిత్రలో నున్నది. దస్తంబూలో లేదు.

దానికి కారణము తెలిసికొనుట కష్టము గాదు. ఆ గ్రంథమును ఆయన తనకై వ్రాసికొనలేదు. విక్టోరియా రాణికి, ఆంగ్లాధికారులకు సమర్పించుటకు వ్రాసెను. ఆగిపోయిన భరణము, పోయిన దర్బారు గౌరవము తిరిగి రావలెను. తిరుగుబాటుదారులతో తనకు పొత్తు లేదని ఋజువు కావలెను. కావుననే సిపాయీలను కఠినముగా నిందించెను. ఆ నెలలలో తాను కోటకు పోయి పాదుషాను స్తుతించినట్లు ఇతర కథనములు చెప్పుచుండ, దానిని గూర్చి మౌనము వహించెను. ఝజ్జరు, బల్లబ్‌గఢ్, ఫరుఖ్‌నగర్ ప్రభువుల ఉరిశిక్షలను ముక్తసరిగా ముగించెను. దీనిని పిరికితనమనుట సులభము. ఇంటిలో ఇద్దరు పసివారును, వీధి చివర ఉరికంబమును ఉన్నవానిని గూర్చి అట్లనుట న్యాయము గాదు.

తమ్ముడు యూసుఫ్ విషయము మరింత బాధాకరము. అతడు సుమారు ముప్పదియేండ్లుగా మతి చలించి వేరొక యింట ఉండెడివాడు. అక్టోబరు 19న అతడు మరణించెను. ఐదుదినముల జ్వరమున పోయెనని దస్తంబూ చెప్పును. తుపాకి గుండుకు కూలెనని మరియొక సమకాలిక కథనము. నగరమున శవమును కడుగువాడు లేడు, గోరీ త్రవ్వువాడు లేడు, కొత్త వస్త్రము లేదు. ఇంటిలోని తెల్లని గుడ్డలు రెండు మూడు చుట్టి, పటియాలా సైనికుడొకడు తోడురాగా, ప్రక్కనున్న మసీదులో పూడ్చిరి. ఈ ఘట్టమున అన్నయే తప్ప అర్జీదారుడు కనిపింపడు.

1858 నవంబరులో గ్రంథము ఆగ్రాలో అచ్చయ్యెను. అచ్చు నడుచుచుండగా ఒక అరబ్బీ పదము దొరలెనని గుర్తించి, దానిని తొలగించి వేరుమాట వేయవలసినదని గాలిబ్ తఫ్తాకు లేఖ వ్రాసెను. భరణము 1860 మేలో బకాయిలతో మరల మంజూరయ్యెను. దర్బారు గౌరవము 1863లో దక్కెను. 1869 ఫిబ్రవరి 15న ఆయన మరణించెను. మరుసటి నెలలో వెలువడిన ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ ఆయన లేఖల సంపుటము. దస్తంబూలో చోటు దొరకని మిత్రుల కొరకు ఆయన కార్చిన కన్నీరు ఆ లేఖలలో నున్నది.