ఉక్కపోతకు లెక్క కట్టిన ఇంజినీరు

ఇంట్లో ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదని మెకానిక్‌ని పిలిస్తే, చాలాసార్లు మొదట వినిపించే మాట గ్యాస్ అయిపోయిందని. ఫిల్టర్ తీసి చూడరు, థర్మామీటర్ బయటికి తీయరు. అంతా అంచనానే! మీరు మెకానికల్ చదువుతున్నా, ఐటీఐ చేసి సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగం వెతుక్కుంటున్నా, ఈ ఒక్క అలవాటుకు దూరంగా ఉంటే చాలు, పదిమందిలో ప్రత్యేకంగా కనిపిస్తారు. ఎందుకంటే మీరు అడుగుపెట్టబోయే ఈ రంగమే అంచనాలను పక్కనపెట్టి కొలతలు తీసుకున్న ఓ కుర్రాడి వల్ల పుట్టింది. ఆయనే విల్లిస్ కారియర్.

యాపిల్ ముక్కల పాఠం

కారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, అంగోలా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. అతనొక్కడే సంతానం. చిన్నప్పుడు భిన్నాలంటే భయం. ఎంత చెప్పినా బుర్రకెక్కేవి కావు. వాళ్లమ్మ ఓ రోజు యాపిల్ పండ్లు తెప్పించి, సగాలుగా, పావులుగా, పావులో సగాలుగా కోసి, వాటిని కలుపుతూ తీసేస్తూ చూపించింది. లెక్క అర్థమైంది. పెద్ద సమస్యను కోసుకుంటూ పోతే మన చేతికి అందే ముక్క ఒకటి దొరుకుతుందన్న సంగతి కూడా అప్పుడే అర్థమైంది. గడియారాలు, కుట్టుమిషన్లు విప్పి బాగుచేసే ఆ తల్లి, కొడుక్కి పదకొండేళ్ల వయసులో చనిపోయింది.

స్కూలు చదువు అయ్యేసరికి 1893 నాటి ఆర్థిక సంక్షోభం దేశాన్ని కుదిపేస్తోంది. కాలేజీకి డబ్బుల్లేవు. కొన్నాళ్లు పొలం పని చేశాడు, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. చివరికి కార్నెల్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ దక్కింది. అది చదువుకే సరిపోయేది. తిండికి, గదికి తనే సంపాదించుకోవాలి. అందుకని ఇళ్ల ముందు గడ్డి కోశాడు, కొలిమిలకు బొగ్గు వేశాడు, తోటి విద్యార్థులతో కలిసి బట్టలుతికే లాండ్రీ నడిపాడు. 1901లో ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చింది.

వారానికి 10 డాలర్లు

మొదటి ఉద్యోగం బఫెలో నగరంలో, ఫ్యాన్లు, హీటర్లు తయారుచేసే బఫెలో ఫోర్జ్ కంపెనీలో. జీతం వారానికి 10 డాలర్లు. కార్నెల్ పట్టాకు ఇంతేనా అని మీకనిపించవచ్చు. కానీ అక్కడ ఓ లోపం అతని కంటపడింది. ఒక భవనాన్ని వెచ్చబరచడానికి ఎంత పెద్ద హీటర్ కావాలో ఎవరికీ కచ్చితమైన లెక్క లేదు. ఎందుకైనా మంచిదని ఇంజినీర్లు కాస్త పెద్దదే పెట్టేసేవాళ్లు. కారియర్ గొట్టాల మీదుగా గాలిని పంపి, ఎంత వేగానికి ఎంత వేడి అందుతుందో కొలిచి పట్టికలు తయారుచేశాడు. వాటివల్ల కంపెనీకి 40,000 డాలర్లు ఆదా అయ్యాయి. కొత్తగా చేరిన ఆ కుర్రాడికి ఏకంగా ఒక ప్రయోగ విభాగాన్నే అప్పగించారు.

కాగితం ఉబ్బితే...

1902 వేసవిలో బ్రూక్లిన్‌లోని ఓ ప్రింటింగ్ కంపెనీ నుంచి కబురొచ్చింది. దాని పేరు సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్. రంగుల బొమ్మలు అచ్చువేయాలంటే ఒకే కాగితాన్ని ఒక్కో రంగు కోసం ఒక్కోసారి మిషన్‌లోకి పంపాలి. గాల్లో తేమ పెరిగితే కాగితం ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. దాంతో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. సరుకంతా వృథా.

ఇక్కడ అసలు సమస్య వేడి కాదు, తేమ. ఇది మన తీరంవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ఎండలో 40 డిగ్రీలున్నా నీడపట్టున కాస్త ఓర్చుకోగలం. విశాఖలో అంతకంటే తక్కువ ఎండకే చొక్కా తడిసిపోతుంది. అదే ఉక్కపోత. చెమట ఆరడానికి గాల్లో చోటుండదు.

కారియర్ వాతావరణ శాఖ పట్టికలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆవిరి పంపి గాలిని వేడి చేసే గొట్టాల్లోకి చల్లటి నీళ్లు పంపితే? చల్లటి గ్లాసు మీద నీటి చుక్కలు పట్టినట్టే, చల్లటి గొట్టం మీద గాల్లోని తేమ నీరై దిగిపోతుంది. సంవత్సరం పొడుగునా తేమను 55 శాతం దగ్గర నిలపడం లక్ష్యంగా పెట్టుకుని, 1902 జులై 17 నాటికి డ్రాయింగులు సిద్ధం చేశాడు. ఆధునిక ఏసీ పుట్టినరోజుగా ఇప్పుడు చెప్పుకొనేది ఆ తేదీనే. అప్పటికి అతని వయసు 25. ఉద్యోగంలో చేరి ఏడాదే.

పొగమంచులో దొరికిన జవాబు

అదే ఏడాది చలికాలం మొదట్లో పిట్స్‌బర్గ్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తున్నాడు. ప్లాట్‌ఫామ్ నిండా పొగమంచు. గాలి ఇక చుక్క కూడా పట్టలేనంతగా తడిసి ఉంది. అయినా అందులోని నీటి పరిమాణం తక్కువే, ఎందుకంటే గాలి చల్లగా ఉంది. అంటే, అనుకున్న ఉష్ణోగ్రత దగ్గర గాలిని పూర్తిగా తడిపితే, అందులో ఎంత తేమ ఉండాలో మనమే నిర్ణయించవచ్చన్నమాట! నీటి తుంపర్లు చల్లి గాలిని ఆరబెట్టడమంటే వినడానికి విడ్డూరమే. కానీ ఆ యంత్రానికి 1906 జనవరిలో పేటెంట్ వచ్చింది. ఎయిర్ కండిషనింగ్ అనే పేరు పెట్టింది మాత్రం కారియర్ కాదు. బట్టల మిల్లుల ఇంజినీర్ స్టువర్ట్ క్రామర్ అదే ఏడాది ఆ మాట వాడాడు.

1911లో కారియర్ గాలి ఉష్ణోగ్రతకు, తేమకు ఉన్న సంబంధాన్ని సూత్రాలుగా మలిచి అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందుంచాడు. మీరు కాలేజీలో కుస్తీపట్టే సైక్రోమెట్రిక్ చార్ట్‌కు పునాది అదే.

38 ఏళ్లకు మళ్లీ మొదటికి

ఇన్ని చేసినవాడి ఉద్యోగానికి ఢోకా ఉండదనుకుంటాం. 1914లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. బఫెలో ఫోర్జ్ ఖర్చులు తగ్గించుకోవాలనుకుని కారియర్ విభాగాన్నే ఎత్తేసింది. ఆయన మరో ఆరుగురు ఇంజినీర్లతో కలిసి, దాచుకున్న డబ్బులు పోగేసి, 1915 జూన్‌లో 32,600 డాలర్లతో సొంత కంపెనీ మొదలుపెట్టాడు. బ్రూక్లిన్ సమస్యను ఆయన దగ్గరికి తెచ్చిన సేల్స్ ఇంజినీర్ ఇర్విన్ లైల్ ఆ ఆరుగురిలో ఒకరు.

1922లో వాళ్లు సెంట్రిఫ్యూగల్ చిల్లర్‌ను లోకానికి చూపించారు. పాత యంత్రాల్లో వాడే విషపూరితమైన అమ్మోనియా దీనికి అక్కర్లేదు. జనం గుమిగూడే చోట ధైర్యంగా పెట్టొచ్చు. 1925 వేసవిలో న్యూయార్క్ రివోలీ సినిమా హాల్లో దాన్ని నడిపినప్పుడు, మొదట్లో ప్రేక్షకులు చేతుల్లోని విసనకర్రలు ఊపుతూనే ఉన్నారు. గాలి చల్లబడేకొద్దీ ఒక్కొక్కటీ ఒళ్లోకి చేరింది.

ఇళ్లకు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1914లో మినియాపొలిస్‌లో ఓ ధనవంతుడి భవనానికి పెట్టిన యంత్రం 20 అడుగుల పొడవు. యజమాని ఆ ఇంట్లోకి రాకముందే చనిపోయాడు. 1928లో ఇళ్ల కోసం చిన్న యంత్రం తెచ్చేసరికి ఏడాదికే ఆర్థిక మాంద్యం, తర్వాత ప్రపంచ యుద్ధం. ఇళ్లలో ఏసీలు ఊపందుకుంటున్న రోజుల్లోనే, 1950 అక్టోబరు 7న కారియర్ కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ లెక్క మీ చేతిలో

సెంట్రల్ ఏసీ ఉన్న ఓ ఇంటికి తనిఖీకి వెళ్లారనుకోండి. ఏసీ చేయాల్సినవి నాలుగు పనులు: గాలిని చల్లబరచడం, తేమ తగ్గించడం, గాలిని తిప్పడం, శుభ్రం చేయడం. ఆ వరుసను కిందినుంచి పైకి పట్టుకురండి. ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి.

శుభ్రత: ఫిల్టర్ తీసి వెలుతురుకు పెట్టి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక లోపలి కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. వాడకం ఎక్కువున్న నెలల్లో నెలకోసారి చూడమని ఇంటివాళ్లకు చెప్పండి.

గాలి కదలిక: ఫాల్స్ సీలింగ్ పైన డక్టుల అతుకులు ఊడాయేమో చూడండి. ఊడితే ఆ చల్లదనమంతా సీలింగ్ పాలు. గాలి బయటికొచ్చే, తిరిగెళ్లే గ్రిల్స్‌కు సోఫాలు, పరదాలు అడ్డం లేకుండా చూడండి.

తేమ: కాయిల్ కింది ట్రేలో నీళ్లు పోసి, డ్రెయిన్ పైపు లాగుతుందో లేదో పరీక్షించండి. నాచు పట్టి పూడుకుపోతే నీళ్లు సీలింగ్‌లోంచి కారతాయి.

చల్లదనం: బయటి యూనిట్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము కడగండి. కరెంటు ఇచ్చి పది, పదిహేను నిమిషాలు నడిచాక, గదిలోంచి వెళ్లే గాలికి, గదిలోకి వచ్చే గాలికి తేడా కొలవండి. సాధారణంగా 8 నుంచి 11 డిగ్రీలుంటుంది. తేమ బాగా ఉన్న రోజు ఇంకాస్త తక్కువ రావచ్చు, ఎందుకంటే యంత్రం శక్తిలో కొంత నీటిని పిండడానికి పోతుంది. ఈ సంగతి తెలియనివాడే గ్యాస్ తక్కువైందనేస్తాడు. మీరు వెట్ బల్బ్ రీడింగ్ కూడా తీస్తే అసలు విషయం తేలిపోతుంది.

ఇంకో మాట. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అది పట్టుకోకుండా నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. కస్టమర్ డబ్బుకు, మీ మీద నమ్మకానికి రెండింటికీ చిల్లే.

పదో తరగతితో ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ కోర్సు ఉంది. డిప్లొమా, బీటెక్ మెకానికల్ వాళ్లకు డిజైన్, సర్వీసు రెండు దారులూ ఉన్నాయి. ఏ దారిలో వెళ్లినా మొదటి జీతం చిన్నదే కావచ్చు. చేరిన మొదటి వారమే ఓ డిజిటల్ థర్మామీటర్, ఓ నోటుబుక్ కొనుక్కోండి. వెళ్లిన ప్రతి ఇంటి రీడింగులూ రాసిపెట్టుకోండి. వారానికి పది డాలర్ల కుర్రాడు చేసింది కూడా అదే.