వైట్‌చాపెల్ గురువు: శామ్యూల్ బార్నెటుగారి జీవితచరిత్రము

గొప్పవారి జీవితములను చదువునపుడు వారు కట్టించిన భవనములను, వారు పొందిన బిరుదులను లెక్కించుట లోకవాడుక. మేమిచ్చట చెప్పబూనిన మహనీయుని జీవితము అట్టి లెక్కకు లొంగునది కాదు. ఆయన ఇరువది యేండ్లు గురుత్వము చేసిన దేవాలయము ఆదివారపు ఆరాధనలకు జనముతో క్రిక్కిరిసియుండుట అరుదు. ఆయన మరణానంతరము ఆ కట్టడమే పడగొట్టబడెను. ఐనను ఆయన ప్రారంభించిన పని నేటికిని నిలిచియున్నది. ఇది యెట్లు సంభవించెనో మన విద్యార్థులు తెలిసికొనుట మేలని తలంచి ఆ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

శామ్యూల్ అగస్టస్ బార్నెటుగారు 1844 వ సంవత్సరము ఫిబ్రవరి 8 వ తేదీన ఇంగ్లండు దేశమందలి బ్రిస్టలు పట్టణమున జన్మించిరి. తండ్రిగారు ఇనుప మంచములు చేయించి అమ్మెడివారు. బాలుడు ఇంటియొద్దనే చదువుకొని, పిదప ఆక్స్‌ఫర్డునందలి వాడ్‌హాం కళాశాలలో చేరి 1865 లో పరీక్షయందు కృతార్థుడయ్యెను. 1867 లో ఆయన అమెరికా దేశమును చూచివచ్చిరి. బానిసత్వమును గూర్చిన ఘోరయుద్ధము అచ్చట ముగిసి అప్పటికి రెండేండ్లే యయ్యెను. ఆ సంవత్సరాంతముననే లండనులోని సెయింట్ మేరీ దేవాలయమున సహాయ గురువుగా నియమింపబడిరి.

ఆ కాలముననే ఆక్టేవియా హిల్ అను స్త్రీ రత్నము పేదల యిండ్లను బాగుచేయించి, తానే వారివారము వెళ్లి అద్దె వసూలు చేయుచు, ఆ నెపముతో వారి కష్టసుఖములు విచారించుచుండెను. బార్నెటుగారు ఆమె పనిలో తోడ్పడిరి. ఆమెకు సహాయురాలుగా నుండిన హెన్రియెట్టా రౌలండు అను యువతిని ఆయన 1873 జనవరిలో వివాహమాడిరి. వరునికి ఇరువదియెనిమిది, వధువునకు ఇరువదియొకటి సంవత్సరములు. వారిద్దరును సుఖమైన పల్లెటూరి సంఘమును కోరుకొనక, తూర్పు లండనులోని వైట్‌చాపెల్ అను పేటయందలి సెయింట్ జూడ్ దేవాలయమునకు పోవ నిశ్చయించుకొనిరి. ఆ పదవి నిచ్చిన బిషప్పుగారే అది తన యధికారములోని సంఘము లన్నిటిలో మిక్కిలి చెడ్డదనియు, అచ్చటి జనులు ధర్మపు సొమ్ములవలన మరింత చెడిరనియు ముందుగా హెచ్చరించిరి.

1873 మార్చిలో వారు వైట్‌చాపెల్ చేరిరి. మొదటి ఆదివారము ఆరాధనకు వచ్చినవారు ఆరేడుగురు ముసలమ్మలు. వారైనను దైవభక్తిచేతనే వచ్చినవారు కారు. దేవాలయమునకు వచ్చినవారికి ఏదో ధర్మము లభించునని ఎదురుచూచినవారే. పిల్లలు లేరు, యువకులు లేరు. చుట్టుపట్ల వేలాది జనులు ఇరుకు సందులలో, గాలి వెలుతురు లేని గదులలో కాపురముండిరి. దేవాలయమునకును వారికిని ఏ సంబంధమును లేకపోయెను. ముసలమ్మలతోపాటు ఆ సంఘమును అంతరించునని ఎవరైనను తలంచియుందురు.

బార్నెటుగారు చేసిన మొదటి పని కఠినముగా దోచవచ్చును. ఊరకే ధర్మమిచ్చుటను ఆయన మాన్పించిరి. ఇచ్చిన నాణెము ఆ పూట ఖర్చయిపోవును. పుచ్చుకొనినవాడు మరల చేయిచాచును. ఇద్దరి నడుమ స్నేహము మాత్రము పుట్టదని ఆయన యెరిగిరి. ఎవనికైన పని కావలెనన్న, రోగమునకు వైద్యము కావలెనన్న విచారించి తోడ్పడుదురు గాని, తలుపు తట్టిన మాత్రాన డబ్బు చేతబెట్టరు. జనులు మండిపడిరి. గుంపులుగా వచ్చి గురువుగారి ఇంటి కిటికీల అద్దములు పగులగొట్టిరి. పోలీసులను పిలుచుటకు ఎవరికిని కనబడక వెలుపలికి పోవునట్లు, ఇంటినుండి దేవాలయములోనికి వేరొక ద్వారము తెరువవలసి వచ్చెను. ఆకలిగొన్నవారిని వట్టిచేతులతో పంపివేయుట ఆయనకును సుఖముగా నుండలేదు. పిమ్మట తన మార్గమునందలి కొరతను ఆయనయే గ్రహించిన సంగతి ముందు చెప్పుదుము.

ధర్మము మాన్పినచోట ఆయన ఏమి నిలిపిరనునదియే ముఖ్యము. తమ ఇంటిలోని వస్తువులను, తమకు తెలిసిన చదువును, తమ మిత్రులను ఇరుగుపొరుగు వారితో పంచుకొన నారంభించిరి. దంపతులు పేదలను తమ యింటికి విందునకు పిలిచి, సమానులవలె ఆదరించిరి. 1877 లో రోగముచే కృశించిన తొమ్మండుగురు పిల్లలను పల్లెటూళ్లకు గాలిమార్పునకు పంపిరి. ఆ చిన్నపనియే పెరిగి, కాలక్రమమున వేలాది బాలబాలికలకు వేసవి సెలవులలో పల్లెదర్శనము కలిగించు సంస్థయయ్యెను. 1881 ఈస్టరు పండుగకు దేవాలయము ప్రక్కనున్న పాఠశాల గదులలో చిత్రప్రదర్శనము జరిపిరి. గొప్ప చిత్రకారులు సైతము తమ చిత్రములను ఎరువిచ్చిరి. కష్టజీవులకు ఆదివారము తప్ప తీరిక లేదు గనుక ఆ దినమున సైతము తలుపులు తెరచిరి. విశ్రాంతిదినమును భంగపరచుచున్నారని కొందరు గట్టిగా ఆక్షేపించినను ఆయన వెనుదీయలేదు. 1892 వ సంవత్సరపు ప్రదర్శనమును చూడవచ్చినవారు 70 వేలకు మించిరి. అందుండియే 1901 లో వైట్‌చాపెల్ చిత్రశాల వెలసెను. అది నేటికిని జనులు చూచుటకు తెరచియున్నది.

ఇంతలో ఆ పేట స్వరూపమే మారెను. 1881 తరువాత రష్యా సామ్రాజ్యమున హింసలకు గురియైన యూదులు ఓడలెక్కి లండను చేరి, వైట్‌చాపెల్ సందులలో దర్జీపని, చెప్పులపని చేసికొనుచు స్థిరపడిరి. వీధిలో వినబడు భాష మారెను, అంగళ్లపై వ్రాతలు మారెను, సమాజమందిరములు వెలసెను. క్రైస్తవ దేవాలయమునకు రాదగినవారి సంఖ్య ఏటేట తగ్గుచుండెను. ఇట్టి సమయమున అనేక సంఘములు తలుపులు మూసికొని వేరొక పేటకు తరలిపోవును. లేదా క్రొత్తగా వచ్చినవారిని శత్రువులుగా చూచును. బార్నెటుగారు ఈ రెండును చేయలేదు. పొరుగువాడు ఏ మతమువాడైనను పొరుగువాడే గదా! చదువు తరగతులను మతము మార్చుటకు ఎరగా ఆయన వాడలేదు. పగలెల్ల కుట్టుపని చేసిన యూదుల యువకులు రాత్రివేళ ఆయన స్థాపించిన తరగతులలో చరిత్రము, సాహిత్యము, శాస్త్రము నేర్చుకొనిరి.

ఆ తరగతులు జరిగిన స్థలమే టాయిన్బీ హాలు. దాని పుట్టుక యిట్టిది. ఆక్స్‌ఫర్డు పండితుడు ఆర్నల్డు టాయిన్బీ అను యువకుడు 1875 సెలవులలో వైట్‌చాపెల్ వచ్చి బార్నెటుగారి పనిలో పాల్గొనెను. 1883 లో ముప్పదియేండ్ల ప్రాయముననే మరణించెను. అదే సంవత్సరము నవంబరులో బార్నెటుగారు ఆక్స్‌ఫర్డులోని సెయింట్ జాన్సు కళాశాలకు పోయి, చదువుకొన్నవారు పేదలకు ధనము పంపిన చాలదనియు, వారి నడుమ కాపురముండి వారికి నేర్పుచు వారియొద్ద నేర్చుకొనవలెననియు బోధించిరి. దాని ఫలముగా దేవాలయము ప్రక్కనే కట్టబడిన గృహములో 1884 క్రిస్మసు ముందటి రాత్రి మొదటి విద్యావంతులు నివసించిరి. మృతుడైన మిత్రుని పేరే దానికి పెట్టబడెను. 1906 వరకు బార్నెటుగారే దానికి అధ్యక్షులు. అందు నివసించువారికి మతనియమ మేదియు లేదు. 1888 లో దానిని చూచిపోయిన జేన్ ఆడమ్సు అను అమెరికా వనిత, మరుసటి సంవత్సరము చికాగో నగరమున హల్ హౌస్ అను అట్టి గృహమునే స్థాపించెను.

పేదల నడుమ ఏండ్లు గడచినకొలది బార్నెటుగారి తలంపులును మారెను. పొదుపు, కష్టపడుట అను సద్గుణములు మంచివే. కాని ఏబదియేండ్లు కష్టపడిన కూలివానికి ముసలితనమున కూడబెట్టిన దేమియు లేకున్నచో అది వాని దోషమా? ధర్మసంస్థలవారు ప్రతి పేదవానిని అనుమానించుటయే పనిగా పెట్టుకొనిరని 1895 లో ఆయన బహిరంగముగా విమర్శించిరి. ఆ సంస్థ యారంభమునుండి తామును అందలివారే గనుక ఈ మాట చెప్పుటకు ధైర్యము కావలసెను. వృద్ధులకు ప్రభుత్వమే పింఛను ఇయ్యవలెనని ఆయన 1883 లోనే వ్రాసియుండిరి. 1908 లో శాసనమేర్పడెను. 1909 జనవరి 1 వ తేదీనుండి డెబ్బదియేండ్లు దాటిన పేదలకు వారమునకు అయిదు షిల్లింగులవరకు తపాలా కచ్చేరిలో నీయబడెను. మొదటి ఆదివారమున ధర్మము నాశించి వచ్చిన ముసలమ్మలను మేమిచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుచున్నాము. వారివంటి వృద్ధులు ఇక ఎవరి దయకొరకును కాచుకొనక, తమ హక్కుగా దానిని పుచ్చుకొనగలిగిరి. ఆయన ధర్మమును నిరాకరించుట దయలేమిచేత కాదని దీనివలన తేటపడుచున్నది.

1893 లో బార్నెటుగారు బ్రిస్టలునందును, 1906 లో వెస్ట్‌మినిస్టరు నందును కానన్ పదవి పొందిరి. 1913 జూన్ 17 వ తేదీన హోవు అను పట్టణమున పరమపదించిరి. హెన్రియెట్టా దొరసానిగారు 1936 వరకు జీవించి, భర్తగారి చరిత్రమును వ్రాసి లోకమున కిచ్చిరి. టాయిన్బీ హాలులో యౌవనమున పనిచేసినవారిలో విలియం బెవరిడ్జిగారు 1942 లో ఇంగ్లండు ప్రజల సాంఘిక రక్షణకు ప్రసిద్ధమైన నివేదిక వ్రాసిరి. క్లెమెంటు ఆట్లీగారు 1945 లో ప్రధానమంత్రియై ఆ నివేదికలోని అనేకాంశములను ఆచరణలో పెట్టిరి.

సెయింట్ జూడ్ దేవాలయము నేడు లేదు. టాయిన్బీ హాలు మాత్రము నేటికిని అదే వీధిలో పేదలకు న్యాయసలహా, విద్య, స్నేహము నిచ్చుచున్నది. ఆరాధనకు వచ్చినవారి తలలను లెక్కించినచో బార్నెటుగారు ఓడినవారే. ఆ దేవాలయమునందు కూర్చున్నవారు తమకేమి లభించునని అడిగినన్నాళ్లు సంఘము క్షీణించెను. తలుపు వెలుపలనున్నవారికి ఏమి లేదని అడిగిన దినముననే దానికి క్రొత్త ప్రాణము వచ్చెను. మన గ్రామములలో సైతము వయసు చెల్లినవారు మాత్రమే మిగిలిన దేవాలయములు, పాతబడిన సంఘములు లేకపోలేదు. చదువు ముగించి ఇండ్లకు పోవు మన బాలబాలికలు అట్టి తలుపు నొకదానిని చూచినపుడు, లోపల ఎందరున్నారని కాక, దాని యెదుటి వీధిలో ఎవరున్నారని విచారింతురుగాక.