డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన సుబ్బారావుగారు బాల్యమున చదువునందు ముందుండినవారు కారు. కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపదలచి ఇల్లు విడువగా, పెద్దలు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి మూడవమారు గెలిచిరి. విద్యార్థిదశయందే తండ్రి జగన్నాథముగారు గతించిరి. తల్లి వెంకమ్మగారు మాత్రము పట్టు విడువలేదు. ఆమె లేనిచో ఈ చరిత్ర వ్రాయవలసిన పని మాకుండెడిది కాదు.

సోదరులిద్దరు కొద్ది దినముల వ్యవధిలో సంగ్రహణిచే మరణించిరి. తానును ఆ రోగమున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి 1922లో అమెరికా చేరిరి. హార్వర్డులో జీవకణముల శక్తిని గూర్చి వారు చేసిన పరిశోధనలు పెద్ద తరగతులవారు చదువుకొననే చదువుకొందురు. 1940లో లెడర్లీ సంస్థయందు చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను మ్రింగిన రోగమునకు అదియే మందయ్యెను! దాని కెదురుగా పనిచేయు అమినాప్టెరిన్‌ను గూడ వారు సిద్ధపరుపగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు కాన్సరుగల బాలలకిచ్చి, కొందరికి తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగించిరి.

ఈ ఫోలిక్ ఆమ్లమును సూక్ష్మక్రిములు తమకు తామే తయారుచేసికొనును. ఆ పని నడ్డగించు కోట్రైమోక్సజోల్ అను చవుక మందు సుబ్బారావుగారిది కాదు; తరువాతివారిది. 2004లో ప్రకటింపబడిన జాంబియా పరీక్షలో, దానిని ప్రతిదినము సేవించిన హెచ్.ఐ.వి. బాలలలో మరణములు నూటికి 43 వంతులు తగ్గెను. ఆ సంవత్సరముననే మన ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందులను ఉచితముగా నిచ్చుటకు మొదలిడెను. కాని ఆ రోగము తరచు బిడ్డతోపాటు తల్లిదండ్రులనుగూడ పట్టును. వారు పోయిన పిమ్మట వేళకు మాత్ర నిచ్చువారెవరు? 2006లో వెలువడిన పశ్చిమ కెన్యా పరిశీలనలో, చికిత్స పొందిన అనాథబాలలు తక్కిన బాలలతో ఇంచుమించు సమముగనే కోలుకొనిరి. మందు తప్పక వాడుటయందును భేదము కనబడలేదు. ఎవరో యొక బంధువు వెంకమ్మగారివలె పట్టు విడువకుండిరన్నమాట. ఆదిభట్ల ప్రాంతపు తల్లిదండ్రులు మరియొకటి వినవలెను: అట్టి బిడ్డ ప్రక్క బల్లపై కూర్చుండినను, కలిసి భుజించినను ఆ రోగమంటదు.

సుబ్బారావుగారికి పితృసుఖము దక్కలేదు. స్వదేశమున జన్మించిన కుమారుడు, తండ్రి చూడకమునుపే, శైశవమున అంటురోగముచే పోయెను. వారి ఆధ్వర్యవమున వెలువడిన ఆరియోమైసిన్ అట్టి రోగములపై పనిచేయునదియే. అది లోకమునకు తెలిసినది 1948లో. ఆ యేటి ఆగస్టునందే, మరల స్వదేశము చూడకయే, సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు.