అగ్గిపెట్టె మీది బొమ్మ: గౌహర్ జాన్

మన దేశంలో సినిమా తారలు పుట్టకముందే ఒక స్టార్ ఉన్నారు. ఆమె గౌహర్ జాన్. 1873లో ఆజంగఢ్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏంజెలినా యోవర్డ్. తండ్రిది ఆర్మేనియన్ సంతతి. పాపకు ఆరేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి విక్టోరియా బిడ్డతో బనారస్ చేరి, ఇస్లాం స్వీకరించి మల్కా జాన్ అయ్యారు. ఏంజెలినా గౌహర్ అయింది. అక్కడి నుంచి కలకత్తా. 1887లో దర్భంగా సంస్థానంలో మొదటి కచేరీ.

అప్పటిదాకా ఆమెది కూడా తవాయిఫ్‌లందరి దారే. నవాబులు, జమీందార్లు పిలుస్తారు, మెహఫిల్ జరుగుతుంది, ఇనాం ఇస్తారు, అంతే. పాట ఆ హాలు దాటదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఓ హోటల్ గదిలో మెషిన్ పెట్టాడు. మైకు లేదు, బాకా లాంటి గొట్టంలోకి గట్టిగా పాడాలి. గంటల తరబడి సాగే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. చాలామంది ఉస్తాదులకు అది నామోషీ అనిపించింది. గౌహర్ మాత్రం పాడేశారు. పాట చివర ఇంగ్లిషులో తన పేరు కూడా చెప్పేవారు. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి, ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా! యూట్యూబ్‌లో ఇప్పటికీ వినొచ్చు.

అసలు మార్పు ఇక్కడే వచ్చింది. తవాయిఫ్ ఇంటి మెట్లెక్కడం పరువు తక్కువ అనుకునే షరీఫ్ ఖాందాన్లలోకి కూడా రికార్డు వెళ్లింది. పరదాలో ఉన్న ఆడవాళ్లూ విన్నారు. గొంతుకి ఇంట్లో చోటిచ్చారు గానీ మనిషికి ఇవ్వలేదు. ఆమె ఫొటో పోస్టుకార్డుల మీద, ఆస్ట్రియా నుంచి వచ్చిన అగ్గిపెట్టెల మీద అచ్చయింది. రికార్డింగుకు 3,000 రూపాయలు తీసుకునేవారని చెబుతారు, తులం బంగారం పాతిక రూపాయల లోపున్న రోజుల్లో! నాలుగు గుర్రాల బగ్గీలో తిరిగి జరిమానా కట్టారని, పిల్లి పిల్లలు పెడితే వేలు పోసి దావత్ ఇచ్చారని కథలు. ఎంత నిజమో గానీ, పేరొచ్చిన మనిషి చుట్టూ ఇలాంటివి అల్లుకోకుండా ఉండవు. 1911 ఢిల్లీ దర్బారులో అలహాబాద్ జానకీ బాయితో కలిసి పాడారు.

ఇంత పేరున్నా, తల్లి ఆస్తి కేసులో తాను మల్కా జాన్ కూతురినేనని ఆమె కోర్టులో నిరూపించుకోవాల్సి వచ్చింది. అగ్గిపెట్టె మీది బొమ్మ ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఎవరి బిడ్డో మాత్రం సాక్ష్యం కావాలి. తర్వాత తన దగ్గర సెక్రటరీగా పనిచేసిన అబ్బాస్‌ను చేసుకున్నారు. అదీ నిలవలేదు, మళ్లీ కోర్టు. సంపాదించింది చాలావరకు వకీళ్లకే పోయింది.

పదికి పైగా భాషల్లో 600 దాకా రికార్డులు ఇచ్చిన ఆమె చివరికి 1928 ఆగస్టులో మైసూరు మహారాజు కొలువులో చేరారు. జీతం నెలకు 500. రెండేళ్లు కూడా నిండలేదు. 1930 జనవరి 17న అక్కడి ఆస్పత్రిలో ఇంతెకాల్ అయ్యారు. వయసు 56.