కాట్‌గట్ వద్దు, పట్టుదారం కావాలన్న డాక్టర్.. ‘విపుల్స్’ ఆపరేషన్ వెనుక కథ ఇదీ

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు కామెర్లు వచ్చాయంటే చాలామంది ముందు వెళ్లేది పసరు మందుకే. తగ్గక, ఒళ్లంతా దురద పెట్టి, మనిషి సగమయ్యాక ఖమ్మంలో స్కాన్ తీయిస్తారు. క్లోమం తల దగ్గర గడ్డ ఉందని తేలితే ఇక హైదరాబాదే దిక్కు. అక్కడ వినిపించే పేరు.. విపుల్స్. ఆరోగ్యశ్రీ జాబితాలోనూ ఆ ఆపరేషన్ పేరు అదే. మనోళ్ల పేరులా ఉందనుకునేరు. కాదు, అదో అమెరికన్ సర్జన్ ఇంటిపేరు.

అలెన్ విపుల్ 1881లో పర్షియాలోని ఉర్మియాలో పుట్టారు. ఇప్పుడది ఇరాన్‌లో ఉంది. తల్లిదండ్రులు మిషనరీలు. అమెరికా వెళ్లి ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1908లో న్యూయార్క్‌లోని కొలంబియాలో డాక్టర్ పట్టా తీసుకున్నారు. 1921 నుంచి అక్కడే సర్జరీ ప్రొఫెసర్.

అప్పట్లో క్లోమం మీద కత్తి పెట్టాలంటే సర్జన్లకు హడల్. ఎందుకంటే క్లోమం ఇన్సులిన్ ఒక్కటే కాదు, మాంసాన్ని, కొవ్వును అరిగించే రసం కూడా తయారుచేస్తుంది. ఆ రసం పేగులో ఉన్నంతసేపు మనకు మేలే. కుట్టు దగ్గర లీకై కడుపులోకి వచ్చిందా, మన కండనే తినేస్తుంది. రక్తనాళాన్ని తాకితే ప్రాణానికే ముప్పు.

విపుల్‌కి తొలి దెబ్బ తగిలింది ఇక్కడే. 1930ల మధ్యలో చేసిన మొదటి ఆపరేషన్‌లో పేషెంట్ రెండు రోజులు కూడా బతకలేదు. కుట్లు విడిపోయాయి. కారణం దారం! అప్పుడు వాడే కాట్‌గట్ జంతువుల పేగుతో చేసేది. మాంసాన్ని అరిగించే రసానికి అదెంత? కరిగిపోయింది. దాంతో తర్వాతి పేషెంట్లకు విపుల్ పట్టుదారం వాడారు. ఆ రసానికి పట్టు అంత త్వరగా లొంగదు. 1935లో సహచరులతో కలిసి ఈ ఫలితాలను ప్రచురించారు. నిజానికి ఇలాంటి ఆపరేషన్‌ను బెర్లిన్‌లో వాల్తర్ కౌష్ 1909లోనే చేశారు. పేరు మాత్రం విపుల్‌కే ఎక్కువగా దక్కింది.

పట్టుదారంతోనే కథ అయిపోలేదు. మొదట్లో కోసిన క్లోమం చివరను కుట్టి మూసేసేవారు. లోపల రసం ఊరుతూనే ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట దారి చేసుకుని కారేది. మూయడం కాదు, ఆ చివరను చిన్నపేగుకు కలిపి రసానికి దారి ఇవ్వాలన్న పద్ధతి తర్వాత వచ్చింది. కామెర్లున్నవారిలో రక్తం గడ్డకట్టక వచ్చే ఇబ్బందికి విటమిన్ కె దొరికింది. అప్పటిదాకా రెండు విడతల్లో చేసిన ఆపరేషన్‌ను 1940లో విపుల్ ఒకే విడతలో పూర్తిచేశారు. ఇంత పేరున్న ఆయన ఇలాంటివి చేసింది మొత్తం 37 మాత్రమే. 1963లో కన్నుమూశారు.

మరి లీకేజీ ఆగిందా? పూర్తిగా లేదు. అనుభవమున్న సెంటర్లలో మరణాలు బాగా తగ్గాయి కానీ, లీక్ ఇప్పటికీ సర్జన్లను వదల్లేదు. క్లోమం మెత్తగా ఉండి, లోపలి గొట్టం సన్నగా ఉంటే ముప్పు ఎక్కువ. అందుకే ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేసే టీమ్ ఉన్నచోటే చేయించుకోవడం మేలు. ఆపరేషన్ తర్వాత కడుపులో నుంచి బయటికి పెట్టే డ్రెయిన్ పైపు కూడా ఇందుకే. మూడో రోజు లేదా ఆ తర్వాత ఆ నీటిలో అమైలేజ్ పరీక్ష చేస్తారు. రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటితే లీక్‌ను అనుమానిస్తారు. అయినా కంగారు అక్కర్లేదు. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకపోతే చాలా లీకులు పైపు ఉంచితే వాటంతటవే మూసుకుంటాయి.

చిక్కల్లా దూరంతోనే. హైదరాబాద్ నుంచి భద్రాచలం 300 కిలోమీటర్ల పైమాటే. ఖర్చులకు భయపడి, పొలం పనులు గుర్తొచ్చి త్వరగా పంపేయమని ఒత్తిడి చేసే కుటుంబాలుంటాయి. కొందరు పైపుతోనే ఇంటికొస్తారు. అలాంటప్పుడు రోజూ ఎంత నీరు వస్తోంది, ఏ రంగులో ఉందో రాసి పెట్టుకోవాలి. పైపును సొంతంగా లాగొద్దు. జ్వరం, చలి, కడుపునొప్పి మొదలైనా, నీరు చిక్కగా, వాసనగా మారినా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెంటనే ఫోన్ చేయాలి. పైపులో ఎర్రగా రక్తం కనిపిస్తే, కాసేపటికి అది ఆగిపోయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా 108కి కాల్ చేయండి. పెద్ద రక్తస్రావానికి ముందు కొద్దిగా రక్తం కనిపించి ఆగడం ఈ ఆపరేషన్‌లో డాక్టర్లకు బాగా తెలిసిన ప్రమాద సంకేతం.